డాక్టరుకూ రోగికీ మధ్య

— బి.ఎస్సి. తృతీయ సంవత్సర విద్యార్థి

ఆసుపత్రి అనగానే మన కళ్ల ముందు ఇద్దరే మెదులుతారు. ఒకరు తెల్లకోటు తొడుక్కొని, మెడలో స్టెతస్కోపు వేసుకొన్న డాక్టరుగారు. రెండవవారు మంచం మీద మూలుగుతున్న రోగి. మన సినిమాలు చూడండి, మన కథలు చదవండి, వీరిద్దరే పాత్రధారులు. మహా అయితే ట్రే పట్టుకొని అటునుంచి ఇటు నడిచే నర్సమ్మ ఒకరు. కాని నిజమైన ఆసుపత్రిలో ఒక్క పూట కూర్చొని చూసినవాడికి తెలుస్తుంది, ఆ ఇద్దరి మధ్యా ఎందరున్నారో! రక్తం తీసేవారొకరు, దాన్ని పరీక్షించేవారొకరు, ఎక్స్‌రే తీసేవారొకరు, మత్తు డాక్టరు పక్కన నిలబడి సిలిండర్లూ గొట్టాలూ సరిచూసేవారొకరు, విరిగి అతికిన కాలికి మళ్లీ నడక నేర్పేవారొకరు, మూత్రపిండాలు చెడినవారికి యంత్రం మీద రక్తం శుద్ధి చేసేవారొకరు. వీరందరినీ కలిపి పారామెడికల్ సిబ్బంది అనడం మనకు అలవాటు. ఇప్పటి చట్టంలో ‘ఎలైడ్ హెల్త్’ వృత్తులవారని పేరు పెట్టారు. తెలుగులో అనుబంధ వైద్య వృత్తులు అనుకోవచ్చు. పేరు ఏదైతేనేం, మా ఊళ్లో మాత్రం వీరందరికీ కలిపి ఒకటే పేరు, ‘కాంపౌండరు’!

ఈ వ్యాసం ఆ కాంపౌండర్లను గూర్చి. మన సావనీరులో ప్రతి ఏడూ అంతరిక్షాన్ని గూర్చీ, అణుశక్తిని గూర్చీ, దేశాభివృద్ధిలో యువత పాత్రను గూర్చీ మంచి మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. నాకు అంతటి విషయ పరిజ్ఞానం లేదు. నేను కళ్లారా చూసింది, మా ఇంట్లో జరిగింది, దానికోసం నాలుగు ఊళ్లు తిరిగి తెలుసుకొన్నది మాత్రమే వ్రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. ‘ఉద్యానం’ అన్న మాటే జనం నోట్లో ఉద్దానమైందని హైస్కూల్లో మా తెలుగు మాస్టారు చెప్పేవారు. కొబ్బరి, జీడి, పనస చెట్లతో పేరుకు తగ్గట్టే ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం మీదుగానే దాటింది. తాతలనాటి చెట్లు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే చేతికి కాయ రావడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. అయితే ఆ తుఫాను కంటే ఎంతో ముందునుంచీ, చడీ చప్పుడూ లేకుండా మా ఊళ్లను తినేస్తున్నది మరొకటి ఉంది. అదే మూత్రపిండాల జబ్బు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా ఈ జబ్బు మనిషి కనబడతాడు. షుగరు లేనివాడికీ వస్తుంది, ముసలివాడు కానివాడికీ వస్తుంది. నీటిలోని సిలికా వల్ల అన్నారు, పురుగుమందుల వల్ల అన్నారు, మండుటెండలో దాహం తీరకుండా చేసే చాకిరీ వల్ల అన్నారు. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లూ రక్తమూ పట్టుకెళ్లాయి గాని, ఇదే కారణమని ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి మా ఊళ్లకు మంచినీళ్లు తెచ్చే పథకమూ ఆనాడే మొదలైంది.

మా పెదనాన్న ఈ జబ్బు మనిషే. నాన్న కంటే ఎనిమిదేళ్లు పెద్ద. బావిలో చేద వేసి నీరు తోడి, చెంబు ఎత్తి గటగటా తాగేస్తే చూడముచ్చటగా ఉండేది. అటువంటి మనిషి ఇప్పుడు రోజుకు ఇన్ని గ్లాసులని లెక్క పెట్టుకొని, గుటక గుటకకూ ఆగి తాగుతాడు. వారానికి మూడు పూటలు డయాలిసిస్. తొలి బస్సుకు వెళితే మధ్యాహ్నం దాటాక తిరిగి రావడం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన వెంట నేనే వెళ్లేవాణ్ణి. నాలుగు గంటల సేపు ఒక స్టూలు మీద కూర్చొని చూడడం తప్ప నాకు చేతనయ్యే పని అక్కడ ఏమీ లేదు. ఆ చూడడంలోనే నాకు ఒక మనిషి కనబడ్డాడు.

అతను డాక్టరు కాదు. నాకంటే అయిదారేళ్లు పెద్దవాడు కాబోలు. డయాలిసిస్ టెక్నీషియన్. పెదనాన్న లోపలికి రాగానే ముందు బరువు చూస్తాడు. కిందటిసారి వెళ్లేటప్పుడు ఎంత ఉన్నాడో, ఈ రోజు ఎంత ఉన్నాడో తేడా కడతాడు. మూత్రం పోని శరీరంలో ఆ తేడా అంతా నిలిచిపోయిన నీరే. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును వాళ్ల భాషలో ‘డ్రై వెయిట్’ అంటారు. ఈ పూట ఎంత నీరు లాగాలో దాన్నిబట్టే నిర్ణయం. తొందరపడి ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది, కాళ్లు కొంకర్లు పోతాయి. తక్కువ లాగితే రాత్రికి ఆయాసం. తరువాత చేతి మీద ఫిస్టులా దగ్గర వేళ్లు ఆనించి చూస్తాడు. ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఆ చోట తుమ్మెద రొద వంటి అదురు చేతికి తగలాలి. తగిలితేనే సూది. రెండు సూదులు, ఒకటి రక్తం బయటికి పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. పెదనాన్న ఒకరోజు నాతో అన్నాడు. “డాక్టరు బాబు కాయితం రాసిత్తాడు, కాదన్ను. కానీ నా పేనం మాత్రం ఈ కుర్రోడి సేతిలో ఉందిరా బాబూ.”

ఆ మాట అతిశయోక్తి కాదని నాకు కొద్ది రోజుల్లోనే అర్థమైంది. ఒకనాడు పక్క మంచం మీద ఒకాయన తన చెట్టు కొబ్బరిబొండాం ఒకటి సంచిలో తెచ్చుకొన్నాడు, దాహానికి తాగుదామని. టెక్నీషియన్ చూసి నవ్వుతూనే సంచి తీసి అవతల పెట్టాడు. “బాబాయ్, ఈ నీళ్లు నాకు అమృతం, నీకు విషం” అన్నాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మంచి మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. చెడిన మూత్రపిండాలు పంపలేవు. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె ఉన్నపాటున ఆగిపోవచ్చు. కొబ్బరితోటల నడుమ పుట్టి పెరిగినవాణ్ణి, రసాయన శాస్త్రంలో పొటాషియం లవణాల పరీక్షలు చేస్తున్నవాణ్ణి. ఆ రెండింటికీ మధ్య ఇటువంటి చుట్టరికం ఒకటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మిత్రులారా, ఆ యంత్రం సంగతి కొంచెం చెబుతాను. సైన్సు విద్యార్థులకు ఆసక్తిగా ఉంటుంది. మనం మొదటి సంవత్సరంలో చదివిన విసరణ సూత్రమే దాని ప్రాణం. డయలైజరు అనే గొట్టంలో వెంట్రుక వంటి సన్నని బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగుల లోపల రక్తం, పోగుల చుట్టూ డయాలిసిస్ ద్రవం, ఒకదానికొకటి ఎదురు దిశలో ప్రవహిస్తాయి. పోగు గోడకున్న సూక్ష్మరంధ్రాల గుండా యూరియా, క్రియాటినిన్, పొటాషియం రక్తంలోనుంచి ద్రవంలోకి దాటిపోతాయి. రక్తకణాలూ ప్రొటీన్లూ పెద్దవి గనుక దాటలేవు. ద్రవం మామూలుగా నిమిషానికి 500 మిల్లీలీటర్లు పారుతుంది. నాలుగు గంటలకు లెక్క కట్టండి, 120 లీటర్లు! ఒక రోగికి ఒక్క పూటకు అన్ని నీళ్లు. అవి సామాన్యమైన నీళ్లు కావు. కుళాయి నీటిలో క్రిములు చావడానికి కలిపే క్లోరిను మనకు మేలు చేస్తుంది. అదే డయాలిసిస్ నీటిలో మిగిలిపోతే ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. అందుకని తెల్లవారగానే టెక్నీషియన్ చేసే మొదటి పని యంత్రం దగ్గరకు వెళ్లడం కాదు, నీటి శుద్ధి ప్లాంటు దగ్గరకు వెళ్లి క్లోరిను పరీక్ష చేయడం. ఆ పరీక్ష ఒక్క రోజు మానితే ఏమవుతుందో రోగికి తెలియదు, రోగి బంధువుకు తెలియదు. తెలిసినవాడు అతనొక్కడే.

ఈ యంత్రం పుట్టుక కూడా విచిత్రమైనదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణపు ఆసుపత్రిలో, విలెం కోల్ఫ్ అనే డాక్టరు 1943లో దీన్ని తయారుచేశాడు. యుద్ధకాలం గనుక ఏ వస్తువూ దొరికేది కాదు. సాసేజి మాంసం కూరడానికి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక చట్రానికి చుట్టి, ఎనామెల్ తొట్టిలోని ఉప్పునీళ్లలో తిప్పాడు. మొదట వైద్యం పొందినవారిలో దాదాపు అందరూ మరణించారు. 1945లో 67 ఏళ్ల స్త్రీ ఒకామె బ్రతికి బయటపడింది. అప్పటికీ ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయవలసి వచ్చేది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతిలో నిలిచి ఉండే టెఫ్లాన్ గొట్టం అమర్చాక, అదే మనిషికి మళ్లీ మళ్లీ డయాలిసిస్ చేయడం సాధ్యమైంది. 1966లో ఇప్పటి ఫిస్టులా పద్ధతి వచ్చింది. ఈ పేర్లన్నీ డాక్టర్లవే. కాని వారానికి మూడు పూటలు, ఏడాదికి 156 పూటలు, ఏళ్ల తరబడి ఒక మనిషిని బ్రతికించడమనేది డాక్టరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. యంత్రం వచ్చిన చోటికల్లా దాన్ని నడిపే శిక్షణ పొందిన మనిషి కూడా రావలసి వచ్చాడు.

లాబు సంగతి కూడా ఇటువంటిదే. జబ్బు ఎంత ముదిరిందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఉంది కదా, క్షారంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్‌తో నారింజ ఎరుపు రంగు వస్తుందని మాక్స్ యాఫే 1886లో కనుక్కొన్నాడు. ఆ రంగే ఈనాటికీ ఎన్నో లాబుల్లో ఈ పరీక్షకు ఆధారం. మూత్రపిండాలు చెడినప్పుడు పెరిగిపోయే మరొకటి ఫాస్ఫరస్. రక్తంలో దాన్ని నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతికి ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి అని పేరు. 1925లో ప్రకటించారు. ఆ సుబ్బారావు మరెవరో కాదు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతటి మనిషి అమెరికా వెళ్లిన కొత్తలో పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో పోర్టరుగా పని చేశాడన్నది మనలో చాలామందికి తెలియదు. ఆసుపత్రిలో చిన్న పని, పెద్ద పని అని గీతలు గీసేవారికి ఈ ముక్క చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. నాకొక చెల్లెలుంది. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో ప్యాసయింది. నీట్ వ్రాసింది. ర్యాంకు వచ్చింది గాని, ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చే ర్యాంకు కాదు. నాన్న వెంటనే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. తుఫానుకు మిగిలిన జీడితోట ఎకరం తాకట్టు పెట్టి విజయవాడలో ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపడం, అప్పటికీ రాకపోతే మరో ఏడాది. “ఇంట్లో ఒక డాక్టరుంటే మనకీ బాదలుండవు” అన్నది ఆయన వాదన. పెదనాన్నను చూస్తున్న మనిషి అలా అనుకోవడంలో వింతేమీ లేదు.

చెల్లెలు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడవ రోజు రాత్రి అన్నం దగ్గర మెల్లగా అంది. “నాన్నా, నేను డయాలిసిస్ టెక్నీషియన్ కోర్సు చదువుతాను. రెండేళ్లు.”

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “డాక్టరవుతాదనుకుంటే మిసను తిప్పుతానంటాదేటి!” అన్నాడు అమ్మ వైపు చూసి.

నాయనమ్మకు వేరే బెంగ. “సూదులు గుచ్చీ పిల్లని ఎవుడు సేసుకుంటాడే?” అంది.

చెల్లెలు ఎదురు చెప్పే పిల్ల కాదు. కాని ఆ రోజు చెప్పింది. “పెదనాన్నకి వారానికి మూడుసార్లు కావలసింది డాక్టరా నాన్నా, ఆ మిషను దగ్గర మనిషా? డాక్టర్లు కావాలని అందరూ చదువుతున్నారు. ఈ మనిషి కావాలని మన ఊళ్లో ఒక్కరైనా చదివారా? ఎకరం తాకట్టు పెట్టొద్దు. పెడితే మళ్లీ రాదు.”

ఎవరూ మాట్లాడలేదు. చివరికి నాన్న నా వైపు తిరిగి, “నువ్వు సదువుకున్నోడివి. ఎల్లి కనుక్కో. అది సదువో కాదో తేల్చుకురా” అన్నాడు. ఆ విధంగా ఈ విషయ సేకరణ భారం నా మీద పడింది.

నేను తిరిగిన తిరుగుడు చెబితే ఒక ప్రహసనమవుతుంది. ఒక పట్టణంలో ఒక సంస్థ ఉంది, పేరు అనవసరం. మేడమెట్ల పక్కన మూడు గదులు. గోడ నిండా కోర్సుల పేర్లు. డయాలిసిస్, రేడియాలజీ, కాథ్ లాబ్, ఆపరేషన్ థియేటర్, అన్నీ ఉన్నాయి. “డయాలిసిస్ యంత్రం చూడవచ్చునా?” అని అడిగాను. ఆ గుమాస్తా గోడ మీద బొమ్మ చూపించాడు! “ప్రాక్టికల్స్?” అన్నాను. “ఆఖర్న పంపిస్తాం. ముందు ఫీజు కట్టండి, సీట్లు అయిపోతున్నాయి” అన్నాడు. నేను చూసినంత సేపూ అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. అటువంటి చోట చదివి సర్టిఫికెట్టు పట్టుకొని వచ్చే పిల్లల పరిస్థితి ఒక ఎత్తు. వాళ్లు సూది పట్టుకొని మన పెదనాన్నల దగ్గరకు వస్తే మన పరిస్థితి ఇంకొక ఎత్తు.

మరొక చోట, విశాఖపట్నంలో, ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీని చూశాను. అక్కడ రెండవ సంవత్సరం పిల్లలు పొద్దున్నే యంత్రాల దగ్గర ఉన్నారు. ఒకమ్మాయి గొట్టాల్లో గాలి బుడగ లేకుండా సెలైను నింపుతోంది. రక్తంలోకి గాలి పోతే ప్రాణాపాయం గనుక యంత్రానికి గాలిని పట్టే కన్ను ఒకటి ఉంటుంది, అయినా మనిషి కన్నే ముందు చూడాలని వాళ్ల సీనియరు చెబుతున్నాడు. ఒక కుర్రవాడు కామెర్ల వైరస్ ఉన్న రోగికి వేరే యంత్రం ఎందుకు పెట్టారో నాకు వివరించాడు. మన ప్రాక్టికల్ పరీక్షలో వైవా అడిగితే మనం అంత తడుముకోకుండా చెప్పగలమా అని నాకు సందేహం.

ఈ తిరుగుడులో తెలిసిన విషయాలు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికివస్తాయని ఇక్కడ పెడుతున్నాను. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లో మెడికల్ లాబ్ టెక్నీషియన్, మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్ వంటి కోర్సులున్నాయి. ఇంటర్ తరువాత పారామెడికల్ బోర్డు గుర్తింపుతో నడిచే రెండేళ్ల డిప్లొమాలున్నాయి, లాబ్ టెక్నీషియన్, డయాలిసిస్ టెక్నీషియన్ మొదలైనవి. ఆ పైన డిగ్రీ కోర్సులున్నాయి. వీటన్నిటికీ దేశం మొత్తం మీద ఒక పద్ధతి ఉండాలని పార్లమెంటు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తిలోకి రావాలంటే రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వ్యవధిలో 2000 గంటలకు తక్కువ కాకుండా చదువు ఉండాలి. స్వతంత్రంగా సలహా, చికిత్స ఇచ్చే ఫిజియోథెరపిస్టు వంటి ఆరోగ్యరక్షణ వృత్తికి మూడేళ్ల నుంచి ఆరేళ్లలో 3600 గంటలకు తక్కువ కారాదు. డాక్టర్లకూ నర్సులకూ ఉన్నట్టే వీరికీ రిజిస్టరు ఉండాలని చట్టం చెబుతున్నది. గంటలు లెక్కపెట్టే చట్టం వచ్చింది గనుక, మేడమెట్ల పక్క గదుల్లో గోడబొమ్మలు చూపేవారిని ‘నీ రెండు వేల గంటలు ఎక్కడ?’ అని అడిగే హక్కు మనకు వచ్చినట్టే.

ఈ చదువుల విషయంలో అమెరికా వారి ఏర్పాటు ఒకటి చెప్పుకోదగినది. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని ఉన్నాయి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో మొదలైన జూనియర్ కాలేజీ వాటిలో పాతది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం, ఇటువంటి కాలేజీలు దేశమంతటా సామాన్యులకు అందుబాటులో ఉండాలని సిఫార్సు చేసింది. ఇంటికి దగ్గర, తక్కువ ఫీజు, రెండేళ్ల చదువు. పగలు పని చేసుకొని సాయంత్రం చదివేవారూ ఉంటారు. 1966లో ఈ అనుబంధ వైద్య వృత్తుల శిక్షణకు ప్రత్యేకించి ఒక చట్టం చేసి డబ్బు కేటాయించారు. 1972లో చేసిన మరో చట్టంతో డయాలిసిస్ ఖర్చు చాలావరకు ప్రభుత్వమే భరించసాగింది. నేటికీ అక్కడ ఎక్స్‌రే, శ్వాసచికిత్స, స్కానింగు పనివారిలో ఎందరో ఈ కమ్యూనిటీ కాలేజీల నుంచే వస్తారు. అందులో నాకు నచ్చినది రెండు సంగతులు. మొదటిది, క్లాసు సగం కాలేజీలో, సగం దగ్గరి ఆసుపత్రిలో. రెండవది, రెండేళ్లతో తలుపు మూసుకుపోదు, కావాలంటే ఆ మార్కులతో నాలుగేళ్ల డిగ్రీకి ఎక్కవచ్చు. మన దేశంలో కూడా 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కమ్యూనిటీ కాలేజీ అనే పేరుతోనే ఒకటి ప్రారంభించింది. మన జిల్లాల్లో ఇటువంటివి ఎందుకు ఉండరాదు? జబ్బు ఉద్దానంలో, యంత్రం పలాసలో, చదువు మాత్రం దూరపు పట్టణంలో! నీళ్లు ఒకచోట, చేను ఒకచోట అయితే సేద్యం ఎలా సాగుతుంది?

అన్నీ మంచి మాటలే చెబితే అది వ్యాసం కాదు, ప్రకటన అవుతుంది. ఈ వృత్తుల్లో కష్టాలు లేకపోలేదు. నేను మాట్లాడిన టెక్నీషియన్లలో ఎక్కువమంది కాంట్రాక్టు పనివారే. జీతం అడిగితే నవ్వి ఊరుకొన్నారు. ఆ నవ్వు నాకు అర్థమైంది, మా ఊళ్లో జీడిపిక్కల ధర అడిగితే రైతులు నవ్వే నవ్వు కూడా అదే. రోజుకు మూడు షిఫ్టులు నడిచే చోట పండుగ లేదు, ఆదివారం లేదు. రోగి చనిపోతే బంధువుల కోపం మొదట తగిలేది ఎదురుగా ఉన్న టెక్నీషియన్‌కే. ఏళ్ల తరబడి వారానికి మూడుసార్లు చూసిన మనిషి ఒకరోజు రాడు. ఆ మంచం మీదకు ఇంకొకరు వస్తారు. ఆ సంగతి పెదనాన్న కుర్రవాణ్ణి ఒకసారి అడిగాను, ఎలా తట్టుకొంటారని. “మంచం దులిపి దుప్పటి మార్చాలి గదా తమ్ముడూ, తరువాతాయన బయట కూర్చున్నాడు” అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఇంటికి వెళ్లి చూసినదంతా నాన్నకు చెప్పాను. గోడబొమ్మ సంగతీ చెప్పాను, గాలి బుడగ సంగతీ చెప్పాను, జీతం సంగతీ దాచలేదు. నాన్న చాలాసేపు విని, లెక్కలు అడగలేదు, పెళ్లి మాట ఎత్తలేదు. “ఆ పిల్లలికి సూది ఎయ్యడం ఎవుడు నేర్పుతాడు? ఎవుడి సేతి మీద నేర్చుకుంటారు?” అని అడిగాడు. మొదట ప్లాస్టిక్ చేతుల మీద, తరువాత సీనియరు పక్కనుండగా రోగుల మీద అని చెప్పాను. నాన్న లేచి పెదనాన్న ఇంటికి వెళ్లాడు. ఆ అన్నదమ్ములిద్దరూ ఏం మాట్లాడుకొన్నారో నాకు తెలియదు. మరునాడు తాకట్టు కాగితాలు మళ్లీ ట్రంకు పెట్టెలోకి వెళ్లాయి. చెల్లెలు విశాఖపట్నం వెళ్లింది. ఇప్పుడు రెండవ సంవత్సరం.

సోదర విద్యార్థులకూ, గురువులకూ, ఈ కాలేజీలో చదివి పెద్దవారైన పూర్వ విద్యార్థులకూ నాదొక మనవి. మన కాలేజీలో వందలమంది సైన్సు చదువుతున్నారు. ‘తరువాత ఏమిటి?’ అంటే ఎం.ఎస్సి., బి.ఇడి., గ్రూప్స్, బ్యాంకు అనే నాలుగు మాటలే వినబడతాయి. పూర్వ విద్యార్థుల్లో ఆసుపత్రుల్లో, లాబుల్లో పనిచేసేవారు తప్పక ఉంటారు. వచ్చే సంవత్సరం యూనియన్ వార్షికోత్సవానికి ఒక సినీనటుణ్ణి పిలిచే బదులు, ఒక లాబ్ టెక్నీషియన్‌ను, ఒక రేడియోగ్రాఫర్‌ను, ఒక డయాలిసిస్ టెక్నీషియన్‌ను వేదిక మీద కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడించండి. చప్పట్లు తక్కువ పడవచ్చు, ప్రశ్నలు మాత్రం ఎక్కువ పడతాయి. గురువులు కలరీమీటర్ ప్రయోగం చేయించే రోజున, ఇదే రంగుతో ఆసుపత్రిలో మనిషి క్రియాటినిన్ కొలుస్తారని ఒక్క మాట చెప్పండి చాలు. గుర్తింపు ఉన్న సంస్థల పేర్లు ఏటా జూన్‌లో నోటీసు బోర్డు మీద పెడితే, మా ఊరి వంటి ఊళ్లనుంచి వచ్చే పిల్లల ఫీజులు గోడబొమ్మల పాలు కాకుండా ఉంటాయి.

కిందటి సంక్రాంతికి చెల్లెలు ఇంటికి వచ్చింది. పెదనాన్న పలకరించడానికి వచ్చి అరుగు మీద కూర్చొన్నాడు. అది మాట్లాడుతూనే ఆయన ఎడమచేయి తన ఒడిలోకి తీసుకొని, ఫిస్టులా మీద వేళ్లు ఆనించి, కళ్లు మూసుకొని కాసేపు ఊరుకొంది. “ఏటమ్మా, పలుకుతోందా?” అన్నాడు పెదనాన్న. “పలుకుతోంది పెదనాన్నా. బాగానే పలుకుతోంది” అంది. నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఈసారి సంబంధాల మాట ఎత్తలేదు. “నా సెయ్యి కూడా ఓపాలి సూడవే” అని వచ్చి పక్కన కూర్చొంది.